ఉత్తరం అందని ముగ్గురు

ధారావాహిక: నిఘా వ్యవస్థల చరిత్ర – 12వ భాగం

1998 జూన్ 2. పోఖ్రాన్‌లో మన అణుపరీక్షలు జరిగి మూడు వారాలైంది. చాగై కొండల్లో పాకిస్తాన్ బదులు పరీక్షలు చేసి వారం కూడా కాలేదు. ఢిల్లీలో ఏ ఇద్దరు అధికారులు కలిసినా అణ్వస్త్రాల మాటే. ఆ రోజు ఇంటెలిజెన్స్ బ్యూరో నుంచి ఒక లేఖ బయల్దేరింది. అందులో ఉన్నది అణ్వస్త్రాల సంగతి కాదు. కార్గిల్‌కు ఎదురుగా, నియంత్రణ రేఖకు అవతల, పాకిస్తాన్ సైన్యం ఉత్తర ప్రాంతాల కమాండ్ పరిధిలో కనబడుతున్న కదలికల సమాచారం. ఆ లేఖ మీద బ్యూరో డైరెక్టర్ స్వయంగా సంతకం చేశారు. కబురు బరువైనదని ఆయన గుర్తించారనడానికి అదే రుజువు.

లేఖ ఐదుగురికి వెళ్లింది. ప్రధానమంత్రి, హోంమంత్రి, కేబినెట్ కార్యదర్శి, హోం కార్యదర్శి, సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్. దేశంలో ఇంతకంటే పెద్ద చిరునామాలు ఉండవు.

కానీ ముగ్గురికి వెళ్లలేదు. ఒకరు విదేశీ నిఘా సంస్థ ‘రా’ కార్యదర్శి. సరిహద్దు అవతల ఏం జరుగుతోందో మనుషుల్ని పెట్టి ఆరా తీయించగల వనరులు ఆయన దగ్గరే ఉన్నాయి. రెండోవారు సంయుక్త నిఘా కమిటీ అధ్యక్షుడు. అన్ని సంస్థల సమాచారాన్ని పక్కపక్కన పెట్టి అంచనా కట్టడం ఆయన పని. మూడోవారు సైనిక నిఘా డైరెక్టర్ జనరల్. శత్రు సైన్యం ఎక్కడెన్ని బెటాలియన్లు దించిందో లెక్క తేల్చాల్సింది ఆయన. ఆ సమాచారంతో నేరుగా పని ఉన్న ముగ్గురూ చిరునామాల్లో లేరు. పై నుంచి కిందికి అధికార క్రమంలో కబురు దానంతట అదే చేరుతుందని అనుకున్నట్లు బ్యూరో డైరెక్టర్ తరువాత విచారణలో చెప్పారు. రా కార్యదర్శి విషయంలో అలా జరగలేదని విచారణ కమిటీ తేల్చింది.

పదకొండు నెలలు గడిచాయి. 1999 మే 3న బటాలిక్ ప్రాంతంలోని గార్కోన్ గ్రామస్థుడు తాషీ నామ్‌గ్యాల్ తప్పిపోయిన జడలబర్రెను వెతుక్కుంటూ కొండ ఎక్కారు. బైనాక్యులర్ పెట్టి చూస్తే ఎదుటి వాలు మీద పఠాన్ల దుస్తుల్లో కొందరు బంకర్లు తవ్వుతున్నారు. ఆయన వెంటనే కిందికి దిగి సైన్యానికి చెప్పారు. ఇన్ని నిఘా సంస్థలున్న దేశానికి చొరబాటు కబురు ఒక పశువుల కాపరి ద్వారా తెలిసింది. ఆ కొండలను తిరిగి గెలుచుకోవడానికి 527 మంది సైనికులు ప్రాణాలిచ్చారు. వారిలో మన హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఒకరు. ద్రాస్ సెక్టార్‌లో జూన్ 28న నేలకొరిగిన ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు.

ఆ లేఖ చేరాల్సిన చోటికి చేరి ఉంటే యుద్ధం తప్పేదని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అయితే అది చేరకపోవడానికి కారణాలు ఒక్క అధికారి పొరపాటులో లేవు. ముప్పై ఏళ్లుగా పెరిగిన అలవాటులో ఉన్నాయి. ఈ వారం మన కథ ఆ అలవాటు గురించి, దాన్ని మార్చడానికి జరిగిన ప్రయత్నాల గురించి.

ఎవరికి వారే యమునా తీరే

వెనకటి భాగాల్లో చూసిన సంగతులు క్లుప్తంగా. బ్రిటిష్ ప్రభుత్వం 1887లో పెట్టిన చిన్న నిఘా విభాగమే పెరిగి పెద్దదై ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) అయింది. స్వాతంత్ర్యం వచ్చాక రెండు దశాబ్దాలు దేశం లోపలి నిఘా, బయటి నిఘా ప్రధానంగా దాని చేతిలోనే ఉన్నాయి. 1962లో చైనా చేతిలో దెబ్బ తిన్నాం. 1965లో ఆపరేషన్ జిబ్రాల్టర్ పేరుతో పాకిస్తాన్ కశ్మీర్‌లోకి చొరబాటుదార్లను పంపింది. ఈ రెండు అనుభవాల తరువాత 1968 సెప్టెంబరు 21న ఇందిరాగాంధీ ప్రభుత్వం విదేశీ నిఘాను విడదీసి రా ఏర్పాటు చేసింది. రామేశ్వర్‌నాథ్ కావ్ నాయకత్వంలో, ఐబీ నుంచి వచ్చిన దాదాపు 250 మందితో అది మొదలైంది.

ఆ విభజన అవసరమైనదే. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో దాని ఫలితం కూడా చూశాం. కానీ విభజనతో ఒక గీత పడింది. సరిహద్దు లోపల ఐబీ, బయట రా, సరిహద్దు మీద సైనిక నిఘా, ఊళ్లలో రాష్ట్ర పోలీసుల స్పెషల్ బ్రాంచి. కాగితం మీద ఇది చక్కగానే ఉంటుంది. దాడికి వచ్చేవాడు మాత్రం ఈ గీతల్ని లెక్కచేయడు. ముజఫరాబాద్‌లో శిక్షణ పొందినప్పుడు అతను రా పరిధిలోని మనిషి. నియంత్రణ రేఖ దాటుతున్నప్పుడు సైన్యం పరిధిలోకి వస్తాడు. ఢిల్లీలో ఇల్లు అద్దెకు తీసుకుంటే ఐబీ చూడాలి. హైదరాబాద్‌లో బాంబు పెడితే కేసు కట్టాల్సింది స్థానిక ఠాణా. ఒక్క మనిషి నాలుగు సంస్థల పరిధులు దాటి వస్తాడు. ఒక్కో సంస్థకు అతని ప్రయాణంలో పావు వంతే కనిపిస్తుంది. ఆ నాలుగు పావులూ ఒకచోట చేరితే తప్ప అతనెవరో, ఎక్కడికి వెళ్తున్నాడో తేలదు.

మరి సంస్థలు సమాచారం ఎందుకు దాచుకుంటాయి? వారికీ న్యాయమైన కారణం ఒకటుంది. సమాచారం ఇచ్చిన మనిషి ప్రాణం. ఒక కబురు పది చేతులు మారితే అది ఎవరి నోటి నుంచి వచ్చిందో పసిగట్టడం కష్టం కాదు. అందుకే పని ఉన్నవారికే చెప్పాలనేది, ఒక సంస్థ ఇచ్చిన సమాచారాన్ని దాని అనుమతి లేకుండా మరొకరికి చెప్పకూడదనేది ప్రపంచమంతటా నిఘా వృత్తిలో పాటించే నియమాలు. ఆ నియమాల చాటున పెరిగిన మరికొన్ని కారణాలకు మాత్రం న్యాయం లేదు. ప్రధానికి మొదట చెప్పిన పేరు తమకే దక్కాలన్న పోటీ, అవతలి సంస్థ మీద అపనమ్మకం, తప్పని తేలితే తమ మీదికి వస్తుందన్న భయం. రహస్యం కాపాడటం ఎక్కడ ఆగుతుందో, పోటీ ఎక్కడ మొదలవుతుందో బయటివారికి తెలిసే వీలు లేదు. లోపలివారు కూడా తేడా మరిచిపోతారు.

ఖాళీగా ఉన్న కుర్చీ

ఈ పావులను కలపడానికి మన దగ్గర ఒక వేదిక మొదటి నుంచీ ఉంది. బ్రిటిష్ నమూనాలో ఏర్పడిన సంయుక్త నిఘా కమిటీ మొదట్లో సైనికాధిపతుల కమిటీ కింద పనిచేసింది. 1965 తరువాత కేబినెట్ సచివాలయం కిందికి వచ్చింది. ఐబీ, రా, సైనిక నిఘా విభాగాలు తమ సమాచారాన్ని ఈ బల్ల మీదికి తేవాలి. కమిటీ వాటిని బేరీజు వేసి ప్రభుత్వానికి అంచనా ఇవ్వాలి.

కార్గిల్ నాటికి ఆ వేదిక ఎలా ఉందో విచారణ కమిటీ నివేదికలో వివరంగా ఉంది. ఏ వార్తాపత్రిక విమర్శ కంటే అది కఠినమైనది. సంస్థలు ఆ సమావేశాలకు బాగా కింది స్థాయి అధికారులను పంపేవి. యుద్ధానికి ముందు రెండేళ్లు సైనిక నిఘా విభాగం కమిటీకి క్రమంగా సమాచారమే పంపలేదు. కమిటీ రాసిన అంచనాలను రాజకీయ నాయకత్వం గానీ, ఉన్నతాధికారులు గానీ పెద్దగా పట్టించుకోలేదు. ఐబీకో, రాకో అధిపతి కాలేకపోయిన అధికారికి ఇచ్చే ఊరట పదవిగా అధ్యక్ష స్థానం మారింది.

అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. 1998 డిసెంబరు వరకు దాదాపు ఏడాదిన్నర పాటు ఆ అధ్యక్ష పదవిని భర్తీ చేయలేదు. రా కార్యదర్శే అదనపు బాధ్యతగా చూసుకున్నారు. అంటే జూన్ 2 నాటి లేఖ అందని ముగ్గురిలో ఇద్దరు ఒక్కరే. సమాచారం సేకరించే మనిషి, ఆ సమాచారాన్ని తూచి చూడాల్సిన మనిషి ఒకరే అయినప్పుడు తూకానికి అర్థం ఉండదు. దేశం మొత్తానికి ముప్పు అంచనా వేయాల్సిన కుర్చీని ఏడాదిన్నర ఖాళీగా ఉంచిన ప్రభుత్వాలకు ఈ వైఫల్యంలో వాటా ఉంది. దాన్ని ఏ గూఢచారి మీదికీ నెట్టలేం.

సుబ్రహ్మణ్యం కమిటీ

యుద్ధం జులై 26న ముగిసింది. మూడు రోజులకే, జులై 29న, వాజపేయి ప్రభుత్వం కార్గిల్ సమీక్ష కమిటీని వేసింది. అధ్యక్షుడు కె. సుబ్రహ్మణ్యం. మన దేశంలో వ్యూహాత్మక ఆలోచనకు పునాది వేసినవారిలో ముందువరుస మనిషి. 1970ల చివర్లో సంయుక్త నిఘా కమిటీ అధ్యక్షుడిగా చేసిన అనుభవం ఆయనకు ఉంది. ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో, ఏం జరగదో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. లెఫ్టినెంట్ జనరల్ కె.కె. హజారీ, పాత్రికేయుడు బి.జి. వర్గీస్ సభ్యులు. సతీశ్ చంద్ర సభ్య కార్యదర్శి.

కమిటీకి ఎవరినీ బలవంతంగా పిలిపించే అధికారం లేదు. అయినా పెద్దపెద్దవాళ్లు వచ్చి మాట్లాడారు. ప్రధాని వాజపేయి, మాజీ ప్రధానులు వి.పి. సింగ్, పి.వి. నరసింహారావు, ఐ.కె. గుజ్రాల్ వారిలో ఉన్నారు. 1999 డిసెంబరులో నివేదిక సిద్ధమైంది. 2000 ఫిబ్రవరి 23న పార్లమెంటు ముందుకు వచ్చింది. భద్రత దృష్ట్యా కొన్ని భాగాలు తొలగించినా, మిగిలినదంతా ప్రజల చేతికి అందింది. స్వతంత్ర భారతంలో ఒక యుద్ధం గురించి, నిఘా సంస్థల లోపాల గురించి ఇంత బాహాటంగా రాసిన అధికారిక పత్రం అంతకుముందు లేదు.

నివేదిక ఎవరినీ దోషిగా నిలబెట్టలేదు. వ్యవస్థనే నిలబెట్టింది. కార్గిల్‌కు ఎదురుగా పాక్ బెటాలియన్లు ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు పోయాయో, అవి ఏ బెటాలియన్లో 1998లో మనకు సరైన సమాచారం లేకపోవడమే అసలు నిఘా లోపమని చెప్పింది. సంస్థల మధ్య, సంస్థలకూ సమాచారం వాడుకునేవారికీ మధ్య సమన్వయానికి స్థిరమైన యంత్రాంగం లేదని తేల్చింది. మనుషుల ద్వారా, సంభాషణల ద్వారా, ఆకాశం నుంచి తీసే చిత్రాల ద్వారా జరిగే విదేశీ నిఘా అంతా ఒక్క సంస్థ గుప్పిట్లో ఉండటం మంచిది కాదని హెచ్చరించింది.

నివేదిక పూర్తయిన నెలలోనే ఇంకో దెబ్బ తగిలింది. డిసెంబరు 24న కాఠ్‌మాండూ నుంచి ఢిల్లీ వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ-814ను హైజాక్ చేశారు. అది అమృత్‌సర్‌లో దిగి, మూడు పావుగంటలు మన నేల మీదే నిలబడి, ఎగిరిపోయింది. ఎవరు నిర్ణయం తీసుకోవాలి, ఎవరి మాట ఎవరు వినాలి అన్నది తేలేలోపే అంతా అయిపోయింది. ముగ్గురు ఉగ్రవాదులను వదిలిపెట్టి ప్రయాణికులను విడిపించుకోవాల్సి వచ్చింది.

మ్యాక్ పుట్టుక

2000 ఏప్రిల్‌లో ఎల్.కె. ఆడ్వాణీ అధ్యక్షతన మంత్రుల బృందం ఏర్పడింది. జార్జి ఫెర్నాండెజ్, జస్వంత్ సింగ్, యశ్వంత్ సిన్హా సభ్యులు. బృందం కింద నాలుగు కార్యదళాలు పనిచేశాయి. నిఘా వ్యవస్థకు రా మాజీ అధిపతి గిరీశ్ చంద్ర సక్సేనా, అంతర్గత భద్రతకు ఎన్.ఎన్. వోహ్రా, సరిహద్దుల నిర్వహణకు మాధవ్ గోడ్‌బోలే, రక్షణ నిర్వహణకు అరుణ్ సింగ్ నాయకత్వం వహించారు. 2001 ఫిబ్రవరిలో నివేదిక అందింది. త్రివిధ దళాలకు ఉమ్మడిగా రక్షణ నిఘా సంస్థ 2002లో వచ్చింది. సాంకేతిక నిఘాకు ఎన్‌టీఆర్‌ఓ 2004లో వచ్చింది.

మన కథకు ముఖ్యమైనది మాత్రం మల్టీ ఏజెన్సీ సెంటర్. అందరూ పిలిచే పేరు మ్యాక్. ఐబీ ఆధ్వర్యంలో 2001 చివర్లో మొదలైంది. ఉగ్రవాదానికి సంబంధించి ఏ సంస్థకు ఏ సమాచారం దొరికినా అది మ్యాక్ బల్ల మీదికి రావాలి. ఐబీ, రా, సైనిక నిఘా విభాగాలు, సరిహద్దు దళాలు, ఆర్థిక నిఘా సంస్థలు తమ ప్రతినిధులను అక్కడ కూర్చోబెట్టాలి. అందరి ముక్కలూ కలిపి చూడాలి. రాష్ట్రాల్లో దీనికి అనుబంధ కేంద్రాలు ఉండాలి.

ఆలోచన సరైనదే. కానీ పెట్టిన కేంద్రానికి చాలినంత సిబ్బందిని ఇవ్వలేదు. సమాచారం తీసుకురాని సంస్థను ఎందుకు తేలేదని అడిగే అధికారం కూడా ఇవ్వలేదు. పంచుకోవడం సంస్థల దయ మీద ఆధారపడిన పనిగానే మిగిలింది. ఏడేళ్లు అలాగే గడిచాయి.

ముంబయి: ఆరు, పదకొండు, మూడు

2008 నవంబరు 26 రాత్రి పది మంది లష్కరే తోయిబా ఉగ్రవాదులు సముద్రం మీదుగా ముంబయి చేరారు. కుబేర్ అనే మన చేపల పడవను నడిసముద్రంలో పట్టుకుని, దాని సిబ్బందిని చంపి, తీరం దాకా వచ్చి, చిన్న రబ్బరు పడవలో కొలాబా దగ్గర దిగారు. ఛత్రపతి శివాజీ టెర్మినస్, లియోపోల్డ్ కేఫ్, తాజ్, ఒబెరాయ్ ట్రైడెంట్, నారిమన్ హౌస్. మూడు రోజుల్లో 166 మంది చనిపోయారు.

మహారాష్ట్ర ప్రభుత్వం రామ్ ప్రధాన్ అధ్యక్షతన కమిటీ వేసింది. రాలో పనిచేసిన వి. బాలచంద్రన్ అందులో సభ్యుడు. కేంద్రం నుంచి వచ్చిన హెచ్చరికలను వారు ఒక్కొక్కటిగా తిరగేశారు. సముద్రం మీదుగా దాడి జరగవచ్చన్న తొలి హెచ్చరిక 2006 ఆగస్టులోనే వచ్చింది. ఆ తరహావి మొత్తం ఆరు. ఒకేసారి పలుచోట్ల దాడులు జరగవచ్చన్నవి పదకొండు. ఆత్మాహుతి దళాల తరహా దాడి గురించి మూడు. ఈ మూడు వరుసలనూ ఒక బల్ల మీద పక్కపక్కన పరిచి చూడండి. సముద్రం మీదుగా, ఒకేసారి పలుచోట్ల, చావుకు తెగించిన ముఠా. నవంబరు 26 రాత్రి జరిగింది సరిగ్గా అదే.

అలా పరిచి చూసినవారు లేరు. హెచ్చరికలు రెండేళ్ల వ్యవధిలో విడివిడిగా వచ్చాయి. ఢిల్లీ నుంచి రాష్ట్ర హోం శాఖకు, అక్కడి నుంచి పోలీసు ప్రధాన కార్యాలయానికి, నగర కమిషనరేట్‌కు, ఠాణాలకు మామూలు టపాలా సాగాయి. ప్రతి మజిలీలోనూ ఒక గుమాస్తా నంబరు వేశాడు, ఒక అధికారి చూసినట్లు సంతకం చేశాడు, కాగితం కిందికి దిగింది. రాష్ట్ర స్థాయిలో ఈ హెచ్చరికల నిర్వహణ గందరగోళంగా ఉందని కమిటీ రాసింది. కార్గిల్‌లో లేఖ అందాల్సినవారికి అందలేదు. ముంబయిలో అందరికీ అందింది. ఫలితం మాత్రం ఒక్కటే. ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ ‘దీన్ని నేను తేల్చాలి’ అనుకున్న మనిషి లేడు.

నా దృష్టిలో నిఘా సమన్వయం గురించి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. సమాచారాన్ని అందరికీ పంపడం సమన్వయం కాదు. ఆ సమాచారానికి ఫలానా అధికారి బాధ్యుడని తేల్చి, ఏం చేశావని మర్నాడు అడగడం సమన్వయం.

ఒకే రోజు రెండు నిర్ణయాలు

దాడుల తరువాత హోంమంత్రిగా వచ్చిన పి. చిదంబరం ఐబీ, రా అధిపతులను, జాతీయ భద్రతా సలహాదారును రోజూ ఒకచోట కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. 2008 డిసెంబరు 31న రెండు నిర్ణయాలు అమల్లోకి వచ్చాయి. ఒకటి, ఉగ్రవాద కేసుల దర్యాప్తు కోసం జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ చట్టం. రెండు, మ్యాక్‌కు కొత్త ఉత్తర్వు. ఇక మీదట సమాచారం పంచుకోవడం దయాదాక్షిణ్యం కాదు, విధి. మ్యాక్ తనతో అనుసంధానమైన ప్రతి సంస్థకు సమాచారం ఇవ్వాలి, సంస్థలు మ్యాక్‌కు ఇచ్చి తీరాలి. కేంద్రం రేయింబవళ్లు పనిచేయాలి. రాష్ట్రాల్లోని అనుబంధ కేంద్రాలు దానితో నేరుగా అనుసంధానం కావాలి. జాతీయ భద్రతా దళం (ఎన్‌ఎస్‌జీ) కమాండోలు మానేసర్ నుంచి ముంబయి చేరేసరికి తెల్లవారింది కాబట్టి 2009లో ముంబయి, చెన్నై, కోల్‌కతాలతో పాటు హైదరాబాద్‌లోనూ ఎన్‌ఎస్‌జీ కేంద్రం పెట్టారు.

ఇదే రోజుల్లో మరో లోపం బయటపడింది. 2009 అక్టోబరులో అమెరికా ఎఫ్‌బీఐ షికాగో విమానాశ్రయంలో డేవిడ్ హెడ్లీని అరెస్టు చేసింది. ముంబయి దాడికి ముందు అతను చాలాసార్లు ఇక్కడికి వచ్చి, తాజ్ వంటి చోట్ల రెక్కీ చేసి వెళ్లాడు. దాడి తరువాత 2009 మార్చిలో కూడా వచ్చి వెళ్లాడు. అతని వీసా వివరాలు ఒక శాఖ దగ్గర, రాకపోకలు ఇమిగ్రేషన్ దగ్గర, బస చేసిన వివరాలు హోటళ్ల రిజిస్టర్లలో ఉన్నాయి. అన్నీ మన దేశంలోనే ఉన్నాయి, ఒకదానికొకటి తెలియకుండా. ఇలాంటి రికార్డులను కలిపి వెతకగలిగే నాట్‌గ్రిడ్ ప్రతిపాదన అప్పుడే ముందుకు వచ్చింది. 2011లో దానికి మంత్రివర్గ భద్రతా కమిటీ సూత్రప్రాయంగా ఆమోదం ఇచ్చింది. బెంగళూరులో దాని ప్రాంగణం ప్రారంభమైంది మాత్రం 2022లో.

నాట్‌గ్రిడ్ పేరు వినగానే కలిగే భయం కూడా నిజమైనదే. హెడ్లీ ప్రయాణాలు వెతికే యంత్రం మన ప్రయాణాలనూ వెతకగలదు. ఐబీకి గానీ, రాకు గానీ వాటి అధికారాలను, హద్దులను నిర్ణయించే చట్టం పార్లమెంటు ఇప్పటికీ చేయలేదు. 2011లో మనీశ్ తివారీ తెచ్చిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పాక కూడా ఈ వెలితి అలాగే ఉంది. సంస్థలు ఒకదానితో ఒకటి ఎంత గట్టిగా కలిస్తే, వాటిని అడిగే పార్లమెంటరీ వ్యవస్థ అంత గట్టిగా ఉండాలి.

రాష్ట్రాల అభ్యంతరం

పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలది. ఢిల్లీలో ఎంత గొప్ప కేంద్రం పెట్టినా, తలుపు తట్టి లోపలికి వెళ్లేది స్థానిక పోలీసే. 2012 ఫిబ్రవరిలో కేంద్రం జాతీయ ఉగ్రవాద వ్యతిరేక కేంద్రం ఏర్పాటుకు ఉత్తర్వు ఇచ్చింది. ఐబీ కింద పనిచేసే ఆ కేంద్రానికి సోదా చేసే, అరెస్టు చేసే అధికారాలు కూడా కట్టబెట్టింది. నవీన్ పట్నాయక్, మమతా బెనర్జీ, జయలలిత, నీతీశ్ కుమార్, అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ గట్టిగా వ్యతిరేకించారు. ఒక గూఢచారి సంస్థ రాష్ట్రాలకు చెప్పకుండా అరెస్టులు చేయడమేమిటని అడిగారు. ఆ ఉత్తర్వు అమలు కాలేదు.

ఆ అభ్యంతరంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. సమాచారం సేకరించే చెయ్యి, సంకెళ్లు వేసే చెయ్యి ఒకటే అయితే తప్పును తప్పని చెప్పేవారు మిగలరు. అయితే ఆ వివాదం ముగిసిన తీరు మాత్రం మేలు చేయలేదు. అధికారాలు తీసేసి, ముప్పులను అంచనా వేసే కేంద్రంగా దాన్ని నిలబెట్టే దారి ఉంది. అది జరగలేదు.

దిల్‌సుఖ్‌నగర్

హెచ్చరికకు బాధ్యుడు లేని ఈ లోపం మన ఇంటి గుమ్మం దాకా వచ్చింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల పిల్లలు, ఆఫీసుల నుంచి తిరిగొచ్చేవారు కిక్కిరిసిన వేళ, 107 బస్టాపు దగ్గర, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర సైకిళ్లకు పెట్టిన బాంబులు నిమిషాల తేడాలో పేలాయి. 18 మంది ప్రాణాలు పోయాయి. 2007లో మక్కా మసీదు, గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లు చూసిన నగరం మళ్లీ అదే చూసింది.

రాష్ట్రాలను ముందే అప్రమత్తం చేశామని కేంద్ర హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే చెప్పారు. అలాంటి సాధారణ హెచ్చరికలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయని ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి చెప్పారు. ఇద్దరూ నిజమే చెప్పారు. అసలు జబ్బు కూడా అదే. పంపినవారికి ‘పంపాం’ అని చెప్పుకునే వీలు, అందుకున్నవారికి ‘ఊరూ పేరూ లేదు’ అని చెప్పుకునే వీలు. కొన్ని నెలల ముందు, 2012 అక్టోబరులో, ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ఇండియన్ ముజాహిదీన్ అనుమానితులు దిల్‌సుఖ్‌నగర్‌లో రెక్కీ చేసినట్లు చెప్పారన్న వార్తలు వచ్చాయి. ఈసారి ఊరి పేరు కూడా ఉంది. అయినా బాంబులు పేలాయి.

పేలుళ్ల తరువాత జరిగిన పని వేరు. అక్కడ సంస్థలు కలిసి పనిచేశాయి. కేసు ఎన్‌ఐఏకు వెళ్లింది. కేంద్ర సంస్థల సమాచారంతో బిహార్ పోలీసులు అదే ఏడాది ఆగస్టులో నేపాల్ సరిహద్దు దగ్గర ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు యాసిన్ భత్కల్‌ను పట్టుకున్నారు. 2016 డిసెంబరులో హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం అతనితో సహా ఐదుగురికి మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. నేరం జరిగాక కలవగలిగిన సంస్థలు నేరానికి ముందు ఎందుకు కలవలేకపోయాయన్న ప్రశ్నకు జవాబు తేలికే. కేసు ఎన్‌ఐఏ చేతికి వెళ్లాక దానికి ఒక బాధ్యుడు దొరికాడు. హెచ్చరికకు దొరకలేదు.

విశాఖలో ఒక మంచి పాఠం

బాధ్యుణ్ని తేల్చితే ఏం మారుతుందో చూడాలంటే సముద్రం వైపు చూడాలి. ముంబయి దాడికి ముందు నౌకాదళం, కోస్ట్ గార్డ్, రాష్ట్రాల మెరైన్ పోలీసులు, కస్టమ్స్, రేవుల అధికారులు ఎవరి గిరి వారు గీసుకుని పనిచేసేవారు. 2009 ఫిబ్రవరిలో కేంద్రం తీర భద్రతతో సహా సముద్ర భద్రతకు మొత్తంగా నౌకాదళమే బాధ్యత వహించాలని తేల్చి చెప్పింది. ముంబయి, కొచ్చి, పోర్ట్ బ్లెయిర్‌తో పాటు మన విశాఖపట్నంలోనూ సంయుక్త కార్యాచరణ కేంద్రం ఏర్పడింది. నౌకాదళం, కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసులు ఒకే వ్యవస్థలో సమాచారం చూసుకుంటారు. తీరం వెంట రాడార్లు వచ్చాయి. 2014లో గురుగ్రామ్‌లో ప్రారంభమైన కేంద్రం వాటన్నిటి సమాచారాన్నీ కలిపి చూస్తుంది. జాలర్లకు గుర్తింపు కార్డులు ఇచ్చారు. కొత్త పడవ కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పారు. భీమిలి నుంచి మచిలీపట్నం దాకా తెల్లవారుజామున వేటకు వెళ్లే మత్స్యకారుడే ఈ వ్యవస్థకు మొదటి కన్ను. గార్కోన్‌లో పశువుల కాపరి అనుకోకుండా చేసిన పనికి ఇక్కడ ఒక పద్ధతి, వినడానికి ఒక మనిషి ఏర్పడ్డారు.

2025 మే నెలలో మ్యాక్‌కు ఢిల్లీలో కొత్త సాంకేతిక హంగులతో కొత్త కేంద్రం ప్రారంభించారు. యంత్రాలు మెరుగుపడుతున్నాయి, సంతోషం. కానీ ఈ చరిత్ర చెప్పేది యంత్రాల కంటే ముందు ఉండాల్సిన ఒక గుణం గురించి. తప్పు జరిగితే బయటపెట్టుకునే గుణం. మ్యాక్, రక్షణ నిఘా సంస్థ, ఎన్‌టీఆర్‌ఓ ఇవన్నీ కార్గిల్ నివేదిక వేసిన దారిలో వచ్చాయి. అది దారి వేయగలిగింది ప్రజల ముందుకు వచ్చింది కాబట్టే. 1962 యుద్ధం మీద హెండర్సన్ బ్రూక్స్, భగత్ రాసిన నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా విడుదల చేయలేదు. 2008 ముంబయి దాడి మీద జాతీయ స్థాయి విచారణే జరగలేదు. ప్రధాన్ కమిటీకి కేంద్ర సంస్థలను ప్రశ్నించే పరిధి లేదు. దిల్‌సుఖ్‌నగర్ హెచ్చరికలు ఏ బల్ల మీద ఆగాయో చెప్పే నివేదిక ఏదీ ప్రజల ముందుకు రాలేదు.

పాఠకులకు నా విన్నపం ఒకటే. దాడి జరిగినప్పుడు ‘నిఘా వైఫల్యం’ అని ఒక మాట అనేసి ఊరుకోకండి. విచారణ వేశారా, దాని పరిధి ఎంత, నివేదిక ఎప్పుడు బయటపెడతారు అని మీ ఎంపీని అడగండి. గూఢచారుల పేర్లు, మార్గాలు రహస్యంగా ఉండాల్సిందే. వ్యవస్థ చేసిన తప్పులు రహస్యంగా ఉండాల్సిన అవసరం లేదు. చనిపోయినవారి కుటుంబాలకు ఆ జవాబు మనం బాకీ ఉన్నాం.

(వచ్చే వారం: హెండర్సన్ బ్రూక్స్ నివేదిక కథ)